తాళం వేసిన బండిలోకి ఎలుక ఎలా వచ్చింది?

ఏప్రిల్‌లో ఒక రోజు మిచిగన్ నుంచి ఫోన్ చేసి మా అక్క అడిగిన ప్రశ్న ఇది. కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండి వద్దామని వెళ్ళింది. మా మేనల్లుడికి పాత మోటర్‌హోమ్ ఒకటి ఉంది. మంచాలు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది అన్నీ లోపలే ఉన్న బండి అది, ఎక్కడికి కావాలంటే అక్కడికి నడుపుకుపోవచ్చు. ఈ అధ్యాయంలో దాన్ని ఇంటిబండి అందాం. అక్టోబరులో గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి పగలకుండా ఖాళీ చేసి, తాళాలు వేసి, ఊరి బయట అద్దెస్థలంలో నిలిపి వచ్చారు. మంచు కరిగాక తలుపు తీస్తే గుప్పుమని కంపు. చేతులు తుడుచుకునే కాగితపు చుట్ట సగం పీచు పీచయిపోయింది. పరుపు మూల తొలిచి ఉంది. సొరుగులో నల్లటి బియ్యపుగింజల్లాంటి పెంటికలు. బండి వెనక దీపాలు వెలగడం లేదు.

“వేసిన తాళం వేసినట్టే ఉంది, అద్దం పగల్లేదు. ఇదెలా దూరింది తమ్ముడూ?” అంది అక్క.

కంత ఉంది కాబట్టి దూరింది. జవాబు నిజానికి ఇంతే. కానీ ఎంత కంత, ఎందుకు అక్టోబరులోనే, వచ్చింది ఎందుకు వెళ్ళిపోదు, బజారులో అమ్మే మందులూ యంత్రాలూ ఎందుకు పనిచెయ్యవు అని ఒక్కొక్కటే అడుగుతూ పోతే ఎలుక ఒంటి గురించి, మన ఇళ్ళ గురించి చాలా సంగతులు బయటపడతాయి.

కదిలే ఇల్లు, ఆగిన ఇల్లు

ముందు చాలా పాత సంగతి ఒకటి. ఇజ్రాయెల్ ఉత్తరాన హులా లోయలో ఐన్ మల్లాహా అనే చోట సుమారు 15,000 ఏళ్ళ కిందట మనుషులు నివసించారు. అప్పటికి వ్యవసాయం లేదు. వేటాడుకుని, అడవిగింజలు ఏరుకుని బతికేవాళ్ళు. కొంతకాలం ఒకేచోట నిలకడగా ఉండేవాళ్ళు, మరికొంతకాలం తిరుగుతూ ఉండేవాళ్ళు. ఆ నేలపొరల్లో దొరికిన ఎలుకల దవడపళ్ళను పరిశీలించిన శాస్త్రవేత్తలు 2017లో ఒక ఆసక్తికరమైన విషయం ప్రకటించారు. మనుషులు ఎక్కువకాలం ఒకచోట ఉన్న పొరల్లో ఇళ్ళ చిట్టెలుక పళ్ళు ఎక్కువ. మనుషులు తిరుగుడు బతుకు బతికిన పొరల్లో దాని దాయాది, అడవి చిట్టెలుక పళ్ళు ఎక్కువ. అంటే మనతో ఎలుకల సావాసం పంటలతో మొదలవలేదు, మనం కదలకుండా కూర్చోవడంతో మొదలయింది. అప్పటినుంచి అది మనల్ని వదల్లేదు. సంస్కృతంలో మూషికం, లాటిన్‌లో మూస్, ఇంగ్లీషులో మౌస్ ఒకే వేరునుంచి పుట్టిన మాటలు. అంత పాత చుట్టరికం.

ఇప్పుడు ఇంటిబండిని చూడండి. పేరుకు చక్రాలున్నాయి. కానీ మిచిగన్ లాంటి చలిసీమలో అది ఏడాదిలో ఎక్కువ నెలలు ఒకేచోట నిలిచి ఉంటుంది. రోజూ తిరిగే బండిలో ఊగులాట, చప్పుడు, మనుషుల అలికిడి ఉంటాయి. అక్కడ గూడు కట్టుకోవాలంటే ఎలుకకు భయం. నిలిచిపోయిన బండి దాని లెక్కలో పాడుపడ్డ ఇల్లే. పైకప్పు ఉంది, మెత్తటి పరుపు ఉంది, మనిషి లేడు. బండిలో ఎలుక చేరకుండా ఉండాలంటే మొట్టమొదటి ఉపాయం దాన్ని తరచుగా తీసి నడపడమే అంటాను. అది కుదరనప్పుడే తక్కిన ఉపాయాలు.

పళ్ళెంలో ముద్ద

డేగిసాలో అన్నం రాత్రిదాకా వెచ్చగా ఉంటుంది. అదే అన్నం పళ్ళెంలో ముద్ద చేసి పెడితే నిమిషాల్లో చల్లారిపోతుంది. వస్తువు చిన్నదయ్యేకొద్దీ దానిలో ఉన్న సరుకుతో పోలిస్తే గాలి తగిలే పైభాగం ఎక్కువవుతుంది, వేడి అంత తొందరగా జారిపోతుంది. చిట్టెలుక బరువు 20 గ్రాములు. అంటే అది ఎప్పుడూ చల్లారిపోతూ ఉండే అన్నపుముద్ద. ఒంటరి చిట్టెలుక అదనంగా ఒళ్ళు కాచుకోనక్కరలేకుండా హాయిగా ఉండాలంటే చుట్టూ సుమారు 30 డిగ్రీల వేడి ఉండాలి. మనం చల్లగా బాగుంది అనుకునే 22 డిగ్రీల గదిలో కూడా అది తిండిని మండించి ఒళ్ళు కాచుకుంటూనే ఉంటుంది. ఇక బయట సున్నాకు దిగితే?

అందుకే చలి మొదలవగానే దానికి మూడు అవసరాలు ఒక్కసారి మీదపడతాయి. గాలి తగలని చోటు కావాలి. ఒళ్ళు కప్పుకునే మెత్తటి గూడు కావాలి. పక్కన ఒరుసుకుని పడుకునే తోడు కావాలి. ఇంటిబండి గోడను అడ్డంగా కోస్తే బయట ఫైబర్‌గ్లాస్ రేకు, లోపల చెక్క పలక, రెంటి మధ్య చలి ఆపే నురుగు పలక కనిపిస్తాయి. మనిషికి చలి ఆపడానికి పెట్టినది ఎలుకకు గదీ పరుపూ రెండూ అయి కూర్చుంటుంది. తిండి అవసరం అంత పెద్దది కాదు. రోజుకు మూడు గ్రాములు చాలు, అంటే ఒక గుప్పెడు మరమరాలు. బీరువాలో మరిచిపోయిన నూడుల్స్ పొట్లం దానికి నెల గడిచే గ్రాసం. సబ్బు ముక్కనీ, కొవ్వొత్తినీ కూడా కొరుకుతుంది. అందుచేత తిండి తీసేశాం కదా అని నిశ్చింతగా ఉండకూడదు. తిండి లేకపోతే కాపురం పెద్దదవదు, అంతవరకే. వెచ్చదనం కోసం రావడం మాత్రం ఆగదు.

తిండీ వెచ్చదనమూ రెండూ దొరికితే జరిగేది ఊహించుకోవచ్చు. చూలు మూడు వారాలు, ఈతకు అయిదారు పిల్లలు, ఆరేడు వారాల్లో ఆ పిల్లలే తల్లులు.

పెన్సిలు లావు దారి

ఎలుక ఒంట్లో ఎముకలు మడతపడతాయనీ, దానికి అసలు గట్టి ఎముకే లేదనీ చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. పక్కటెముకలు వంగుతాయి, నడుము సాగుతుంది, కానీ పుర్రె మాత్రం వంగదు. తల పట్టిన చోట ఒళ్ళు పడుతుంది, అదే దాని కొలబద్ద. చిట్టెలుకకు పెన్సిలు పట్టేటంత కంత, అంటే 6 మిల్లీమీటర్లు చాలని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం హెచ్చరిస్తుంది. పెద్ద ఎలుకకు దానికి రెట్టింపు కావాలి. ఆ వెడల్పు తెలుసుకోవడానికి దానికి కొలత అక్కర్లేదు, మీసాలున్నాయి. చీకట్లో గోడ వెంబడే, మీసాలతో తడుముకుంటూ నడుస్తుంది. గోడలో సందు వస్తే మీసం లోపలికి జారుతుంది. అదే దానికి తలుపు.

ఇంటిబండి అడుగుకు వెళ్ళి పడుకుని చూస్తే ఇలాంటి తలుపులు ఎన్నో. ఇనుప చట్రం మీద పలకల నేల బిగించి, ఆ నేలకు బెజ్జాలు వేసి నీళ్ళగొట్టం, మురుగుగొట్టం, గ్యాసుగొట్టం, కరెంటు తీగలు పైకి తెచ్చారు. గొట్టం అంగుళం ఉంటే బెజ్జం అంగుళమున్నర వేస్తారు, లేకపోతే పనివాడికి దూర్చడం కష్టం. మిగిలిన అర అంగుళమే ఎలుకది. గది వెడల్పు పెంచడానికి గోడను బయటికి జరిపే ఏర్పాటు కొన్ని బండ్లలో ఉంటుంది. ఆ గోడ చుట్టూ ఉన్న రబ్బరు పట్టీలు మూలల్లో సరిగ్గా కలవవు. చక్రాల టైర్లు ఎక్కడం ఎలుకకు మనం మెట్లెక్కడం లాంటిదే.

మన పెద్దలు ఈ సంగతి బాగా ఎరుగుదురు. పాలు పెరుగు ఉట్టి మీద పెట్టారు. ఇంగ్లండులో ధాన్యపు కొట్లను పుట్టగొడుగు ఆకారపు రాళ్ళ మీద నిలబెట్టారు, ఎలుక కాడ ఎక్కగలదు కానీ గొడుగు కింద తలకిందులుగా పాకి అంచు దాటలేదు. ఓడలను రేవుకు కట్టిన తాళ్ళకు ఇప్పటికీ గుండ్రటి రేకులు తొడుగుతారు. అన్నింటిలోనూ ఉన్న ఆలోచన ఒకటే: నేలకూ మన వస్తువుకూ మధ్య ఉన్న వంతెనలు లెక్కపెట్టి ప్రతి ఒక్కదాన్నీ తెంచెయ్యడం. ఇంటిబండికి ఉట్టి కట్టలేం కాబట్టి కంతలు లెక్కపెట్టి మూయాలి.

దేనితో మూయాలి అన్నదానికి జవాబు దాని పన్ను చెబుతుంది. ఎలుక ముందుపళ్ళు చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి, వారానికి రెండు మిల్లీమీటర్లకు పైనే. పంటికి ముందువైపు మాత్రమే గట్టి పింగాణీపొర ఉంటుంది. వెనకవైపు మెత్తటిది. కొరికినప్పుడు మెత్తటి భాగం ముందు అరిగిపోయి, గట్టి అంచు ఉలిలా నిలుస్తుంది. వాడేకొద్దీ పదునెక్కే పనిముట్టు మన వడ్రంగి పెట్టెలో ఒక్కటీ లేదు. అందుకే డబ్బాలోంచి చిమ్మితే ఉబ్బి గట్టిపడే నురుగుతో కంత మూస్తే ఒక రాత్రిలో తొలిచేస్తుంది. ప్లాస్టిక్, రబ్బరు, చెక్క దాని ముందు నిలవవు. గిన్నెలు తోమే స్టీలు పీచులాంటిది కంతలో బిగించి కూరితే మాత్రం ఆగుతుంది. అది గట్టిది కావడం ఒక్కటే కారణం కాదు, సన్నటి పోగులు పళ్ళకు చిక్కుకుని కొరుకుడు ముందుకు సాగదు. మామూలు ఇనుప పీచు తడికి తుప్పుపట్టి రాలిపోతుంది కాబట్టి తుప్పు పట్టని స్టీలు పీచో, రాగి జాలీయో వాడి, పైన సీలెంట్ పూయాలి. గాలి ఆడవలసిన చోట్ల పావు అంగుళం గళ్ళ ఇనుప జాలీ బిగించాలి. ఇది రోజంతా పట్టే పని, నడుము నొప్పి పుట్టించే పని. దీనికి బదులుగా పనికొచ్చే మరో దారి నాకు కనిపించలేదు.

ఎలుక రాసిపెట్టే చిరునామా

ఒకసారి ఎలుక కాపురం చేసిన బండికి మరుసటి ఏడాది మళ్ళీ ఎలుకలే ఎందుకొస్తాయి? మూత్రం వల్ల.

మన అగరుబత్తిలో సుగంధం రంపపుపొడిలో ఇరుక్కుని ఉంటుంది కాబట్టి నిదానంగా బయటికొస్తుంది. చిట్టెలుక మూత్రంలో కూడా అలాంటి ఏర్పాటు ఉంది. దానిలో ఉండే కొన్ని ప్రోటీన్లు చిన్న దొన్నెల్లాంటివి. తొందరగా ఎగిరిపోయే వాసనలను లోపల పట్టుకుని కొద్దికొద్దిగా వదులుతాయి. ఆ ప్రోటీన్లలో ఒకటి తనే ఒక గుర్తువాసన, శాస్త్రవేత్తలు ఫెరోమోన్ అనే రకం. 2010లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో జేన్ హర్స్ట్ బృందం దాన్ని గుర్తించి, జేన్ ఆస్టెన్ నవలలోని కథానాయకుడు డార్సీ మీద డార్సిన్ అని పేరు పెట్టింది. ఆడ ఎలుక ఆ వాసన ఒక్కసారి చూస్తే చాలు, ఆ చోటును సుమారు రెండు వారాలు గుర్తుపెట్టుకుంటుందని తర్వాత ప్రయోగాల్లో తేలింది. ఎలుక వెళ్ళిపోయినా దాని చిరునామా అక్కడే రాసి ఉంటుందన్నమాట. ఆ చిరునామా చెరపకుండా కంతలు మూయడం సగం పని మాత్రమే.

పిప్పర్‌మెంట్, కీచుశబ్దం, మిరపకాయ

ఇంటిబండ్లవాళ్ళు ఎక్కువ డబ్బు తగలేసేది ఇక్కడే. పిప్పర్‌మెంట్ నూనెలో దూది ముంచి మూలమూలా పెడతారు. ఆ నూనె తొందరగా ఆవిరయ్యే రకం కాబట్టే మనకు అంత ఘాటుగా తగులుతుంది. ఆవిరయ్యాక మిగిలేది దూది, అది గూటికి పనికొస్తుంది. కలరా ఉండల సంగతి ఇంకా విచారకరం. మూసిన బండిలో ఆ ఆవిరి పరుపుల్లోకీ తెరల్లోకీ ఎక్కి కూర్చుంటుంది, పీల్చడం మనకే హాని.

మనకు వినిపించని అతిసన్నని ధ్వని చేసి ఎలుకలను తరుముతామనే యంత్రాలు ఇంకొకటి. మన చెవి సెకనుకు 20,000 కంపనాల దగ్గర ఆగిపోతుంది. చిట్టెలుక 80,000 దాటి వింటుంది. ఇంతవరకూ నిజమే. అయితే పెళ్ళి ఊరేగింపు పక్కవీధిలో పోతుంటే మనకు ముందు వినబడేది డోలు దెబ్బ, తాళం టింగుమనడం వినబడదు. ధ్వని సన్ననయ్యేకొద్దీ గాలే దాన్ని మింగేస్తుంది, గోడ దాన్ని దాటనివ్వదు. ఒక చిన్న బీరువా తలుపు చాలు దాన్ని ఆపడానికి. పైగా రైలుకట్ట పక్కన ఇల్లున్నవాళ్ళు కొన్నాళ్ళకు రైలు కూతకు లేవనట్టే ఎలుక కూడా అలవాటు పడుతుంది. అమెరికాలో వ్యాపార మోసాలను చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లో ఇలాంటి యంత్రాలు చేసే, అమ్మే 60 పైచిలుకు సంస్థలకు హెచ్చరిక లేఖలు రాసింది, మీరు చెప్పే గొప్పలకు శాస్త్రీయమైన ఆధారం చూపాలని. ఇన్నేళ్ళ తర్వాత కూడా అవి అమ్ముడవుతున్నాయంటే నాకు బాధగానే ఉంటుంది.

మిరపకాయ మాత్రం వేరే కథ. మన జామచెట్టు మీది చిలుక పండుమిరపకాయను ముక్కున కరుచుకుని తాపీగా తింటుంది, దానికి మంట లేదు. మిరపలోని కారాన్ని పసిగట్టేది నరాల చివర ఉండే ఒక ద్వారం. నిజానికి అది వేడిని పసిగట్టే ద్వారం, కారం దాన్ని తట్టి తెరిచి కాలింది అనే కబురు పంపుతుంది. దీన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. పక్షుల్లో ఆ ద్వారం కారానికి తెరుచుకోదు. ఎలుకలో తెరుచుకుంటుంది, మనలో లాగే. గింజను నమిలి పిండిచేసే ఎలుకను ఆపి, గింజను దూరం మోసుకుపోయే పక్షిని రానివ్వడం మిరపచెట్టుకు లాభం. అందుకే జపాన్ కార్ల కంపెనీ హోండా తీగలకు చుట్టడానికి కారం పట్టించిన టేపు అమ్ముతుంది. ఎలుక పన్ను పడ్డ చోటే మంట పుడుతుంది, గాలికి ఎగిరిపోదు. హైదరాబాదు అపార్టుమెంట్ల సెల్లార్లలో వానాకాలం కారు తీగలు పోగొట్టుకునేవాళ్ళు కూడా దీన్ని గమనించాలి. కానీ టేపు తీగను కాపాడుతుంది, బండిని కాదు.

ఇక విషం. 1930లలో విస్కాన్సిన్‌లో కార్ల్ పాల్ లింక్ అనే శాస్త్రవేత్త బూజుపట్టిన గడ్డి తిన్న పశువులు నెత్తురు గడ్డకట్టక ఎందుకు చనిపోతున్నాయో వెతికాడు. ఆ దారిలో పుట్టిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకొచ్చింది. ఆ జాతి మందులు తిన్న ఎలుక వెంటనే చావదు. రోజుల తర్వాత ఎక్కడో గోడ లోపల చస్తుంది. ఇంటిబండిలో ఆ గోడ విప్పే దారి లేదు. బయటపడి చస్తే గుడ్లగూబ తిని తనూ విషం పాలవుతుంది. లోపల ఇప్పటికే ఉన్నవాటికి వేరుశెనగ ముద్ద పెట్టిన చెక్క బోను మేలు. దాన్ని గోడకు ఆనించి పెట్టాలి, ఎలుక నడిచే దారి అదే కాబట్టి.

చీమలు, సాలీళ్ళు

చీమలకు కంతల లెక్క పనిచెయ్యదు, వాటికి వెంట్రుకవాసి సందు చాలు. వంతెనల లెక్క పనిచేస్తుంది. మన వంటిళ్ళలో బీరువా కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టినట్టే, విడిది చేసిన ఇంటిబండి నేలను తాకే చోట్లన్నీ చూసుకోవాలి: టైర్లు, సమంగా నిలబెట్టే జాకీలు, కరెంటు కేబులు, నీళ్ళ పైపు, పైన రాసుకునే చెట్టుకొమ్మ. మొదటి చీమ వేసిన వాసనగీతను సబ్బునీళ్ళతో తుడిచేస్తే వెనకవాళ్ళకు దారి తప్పుతుంది. అక్క మన చీమల సుద్ద రెండు డబ్బాలు పెట్టెలో పట్టుకెళ్ళింది. అమెరికాలో అలాంటి పురుగుమందు సుద్దలు చట్టవిరుద్ధం, పిల్లలు బలపం అనుకుని నోట్లో పెట్టుకుంటారని. దయచేసి ఎవరూ పట్టుకెళ్ళకండి.

సాలీడు చిన్నదే కానీ గ్యాసుతో నడిచే ఫ్రిజ్, హీటర్ల సన్నగొట్టాల్లో అల్లిన చిన్న గూడు మంటను ఆర్పేస్తుంది. ఇది అతిశయోక్తి కాదు. 2011లో మాజ్దా కంపెనీ ఉత్తర అమెరికాలో సుమారు 65,000 కార్లను వెనక్కి పిలిచింది, పసుపుపచ్చ సాలీళ్ళు పెట్రోలు టాంకు గాలిగొట్టంలో గూళ్ళు అల్లుతున్నాయని. బండి బయటికి తీసే ముందు ఆ గొట్టాలను తెలిసిన మెకానిక్‌తో ఊదించుకోవాలి.

చీపురు పట్టే ముందు

అక్క చీపురు తీసిందని విన్నప్పుడు నేను గట్టిగా అరిచాను. కారణం ఇది. 1993 మేలో అమెరికా నైరుతి ఎడారిలో, నాలుగు రాష్ట్రాలు కలిసే చోట, ఆరోగ్యంగా ఉన్న యువకులు ఊపిరితిత్తుల్లో నీరు నిండి రోజుల్లో చనిపోయారు. కారణం అప్పటిదాకా తెలియని ఒక హంటావైరస్. దానికి సిన్ నోంబ్రే అని పేరు పెట్టారు, స్పానిష్‌లో పేరులేనిది అని అర్థం. అది తెల్లటి పొట్ట, పెద్ద కళ్ళు ఉన్న జింక చిట్టెలుకలో ఉంటుంది. ఇళ్ళ చిట్టెలుకలో కాదు. ఎండిన మూత్రం, పెంటికల దుమ్ము గాలిలో లేస్తే మన ఊపిరిలోకి వస్తుంది. జబ్బుపడ్డవాళ్ళలో మూడోవంతు పైగా చనిపోతారు.

2012 వేసవిలో కాలిఫోర్నియా యోసెమిటీ పార్కులో పదిమందికి ఈ జబ్బు వచ్చింది, ముగ్గురు చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఉన్నవి రెండు పొరల గోడలు, మధ్య చలి ఆపే నురుగు ఉన్న గుడారపు గదులు. విప్పి చూస్తే ఆ గోడల మధ్య ఎలుక గూళ్ళు. ఇంటిబండి గోడ గురించి పైన చెప్పింది గుర్తుందా? అదే కట్టుబడి.

అందుకని పద్ధతి ఇది. తలుపులు, కిటికీలు తెరిచి అరగంట దూరంగా ఉండాలి. ఊడవకూడదు, వాక్యూమ్ పెట్టకూడదు. రబ్బరు తొడుగులు వేసుకుని, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి పెంటికలు, గూళ్ళు బాగా తడిసేలా చల్లి అయిదు నిమిషాలు నాననివ్వాలి. తర్వాత కాగితాలతో ఎత్తి సంచిలో మూటగట్టి పారేసి, ఆ చోటు మళ్ళీ తుడవాలి. తొలిచిన పరుపు ఉంచుకోవద్దు. దుమ్ము లేవకపోవడం ముఖ్యం. మూత్రపు చిరునామా చెరిగిపోవడం దానితో వచ్చే రెండో లాభం.

అక్కా మేనల్లుడూ రెండు రోజులు ఆ పని చేశారు. మూడో రోజు రాత్రి నేను చెప్పిన ఇంకో పని చేశారు. బండిలో దీపాలన్నీ ఆర్పేసి, తెరలు దించి, అక్క లోపల నేలమీద కూర్చుంది. మేనల్లుడు బయట నేలమీద పడుకుని గట్టి టార్చిలైటుతో బండి అడుగునంతా వెతుకుతూ పోయాడు. వెలుగు దూరిన చోటల్లా ఎలుక దూరుతుంది. సింకు కింద ఒకటి, స్నానాల గది గొట్టం పక్కన రెండు, డ్రైవరు కాళ్ళ దగ్గర పెడళ్ళ వెనక ఒకటి, మంచం కింద కరెంటు తీగల గుత్తి చుట్టూ పెద్దది ఒకటి, అలా ఇంకా ఎన్నో. అక్క ఒక్కొక్క వెలుగుచుక్క దగ్గరా సుద్దముక్కతో గుండ్రం గీస్తూ లెక్కపెట్టింది. పదిహేడు.